నడుముకు కట్టుకున్న మోటరు

మాది వెలుగోడు. మా ఆయనా నేనూ రిజర్వాయర్లో చేపలు పడతాం. భుజం నొప్పితో ఆయన తెడ్డు వేయలేకపోతున్నాడని నిరుడు బ్యాటరీ మోటరు కొన్నాం. ‘పడవ అద్దెది, మోటరు మనది’ అంటూ ఆయన, మోటరు నీళ్లలో పడిపోకుండా కట్టే తాడును పడవకు కాక తన నడుముకే కట్టుకునేవాడు.

ఒక సాయంత్రం నడిమధ్యలో మోటరు రెక్కలకు నాచు చుట్టుకుంది. పైకెత్తి పడవలో పడుకోబెడదామని మరలు వదులు చేశాడు. గాలికి పడవ ఊగింది. మోటరు నీళ్లలోకి జారి ఆయన్నీ లాక్కుపోయింది. జుట్టు దొరకబుచ్చుకున్నాను. ఎంత లాగినా పైకి రాడే! చేపలు కోసే కత్తి అందుకున్నాను.

"కొయ్యాకు మే! మోటరు పోతాది!" అన్నాడు, నోట్లోకి నీళ్లు పోతున్నా.

"పోతే పోనీ!" అని తాడు కోసేశాను.

ఇప్పుడు మళ్లీ తెడ్డే. రోజూ భుజం నొప్పి అని సణుగుతాడు. సణగడానికి మనిషి మిగిలాడు, నాకది చాలు.