షెల్బియా పేరున్నవన్నీ

కెర్కెన్నా దీవిలో షెల్బియాకున్నంత గర్వం ఇంకెవరికీ లేదు. ఎందుకుండదు? వాళ్ల నాన్న బురావీ చేపల పడవకు ఆమె పేరే. ఇంటి వెనక ఖర్జూరం చెట్టుకూ, వాన నీళ్ల తొట్టికీ, చెవి తెగిన గొర్రెకూ, లోతులేని నీళ్లలో మట్టలు పాతి కట్టిన చేపల దడికీ ఆమె పేరే. చివరికి పొరుగింటి ఫట్టూమా కూడా తన కూతురికి అదే పేరు పెట్టుకుంది. "మా నాన్నకు నేనంటే అంత పిచ్చి" అని షెల్బియా అరవై ఏళ్లొచ్చినా చెప్పుకుంటూనే ఉంది. విని విని ఊరివాళ్లకు విసుగొచ్చింది గానీ, చెప్పి చెప్పి ఆమెకు రాలేదు.

ఆ పేరున్నవేవీ ఇప్పుడు లేవు. గొర్రె రోగమొచ్చి చచ్చింది. చెట్టు నిలువునా ఎండింది. తొట్టి పగిలింది, దడిని అలలు ఊడ్చుకుపోయాయి, పడవ గాలివానకు మునిగింది. ఫట్టూమా కూతురు అయిదేళ్లప్పుడు, సముద్రం వెనక్కి తీసిన వేళ గవ్వలు ఏరుతూ, తిరిగొచ్చిన నీటిలో చిక్కుకుని చనిపోయింది. ఆటల తోడు పోయిందని షెల్బియా అప్పుడు ఎంతో ఏడ్చింది. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నాన్న పోయాడు, మొగుడూ పోయాడు. ఆక్టోపస్‌లను బండకేసి బాది, ఎండబెట్టి అమ్ముకుంటూ సంసారం ఈదింది. తల్లి సాసియాను తన దగ్గరే పెట్టుకుంది.

ఈ సాసియా మాత్రం కూతుర్ని ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఏమే పిల్లా" అనేది. కూతురి జుట్టు నెరిసినా అదే పిలుపు. ముసలిదాని మొండితనంలే అని షెల్బియా పట్టించుకోలేదు. పేరుతో పిలవడానికి ఫట్టూమా ఉండనే ఉంది. తెల్లారితే చాలు, గోడ అవతల నుంచి "షెల్బియా" అని కేక. "ఉన్నా పిన్నీ" అనేదాకా వదిలేది కాదు. ఎప్పుడైనా విసుగొచ్చి పలక్కపోతే, చేతికర్ర పట్టుకుని గుమ్మం దగ్గరికే వచ్చేసేది.

ఈ వసంతంలో షెల్బియా కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు పేరు పెట్టాలి. ఆ రోజు విందుకు కోయడానికి పొట్టేలును తెచ్చి కట్టేశారు. వచ్చేవాళ్ల కోసం నువ్వులూ తేనే కలిపిన జ్రీర్‌ను చిన్న గిన్నెల్లో సర్దుతూ షెల్బియా అంది, "దీనికి నా పేరే పెడదాం. మా నాన్న ఎక్కడున్నా సంతోషిస్తాడు."

మంచం మీది సాసియా లేచి కూర్చుంది. "ఆ పేరొద్దు."

"ఏం, నా పేరుకేమొచ్చిందమ్మా?"

"నీకు ముందు ఇద్దరున్నారే పిల్లా. ఇద్దరూ షెల్బియాలే. ఇద్దరూ పాకే వయసు రాకుండానే పోయారు."

షెల్బియా గిన్నె కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చింది.

"అది మీ నాయనమ్మ పేరు. ఇంట్లో నిలబెడతానని ఆవిడ పోయేముందు మాటిచ్చాడు మీ నాన్న. మాట తప్పలేడు. మూడోసారి నువ్వు పుట్టేసరికి భయం పట్టుకుంది. చావు పేరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తుందనీ, అదే పేరు పదింటికి పంచిపెడితే వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకుపోతుందనీ, పిల్ల మిగులుతుందనీ ఎవరో ముసలాయన చెప్పాడు. ఇంకేం, పడవకి పెట్టాడు, చెట్టుకి పెట్టాడు, గొర్రెకి పెట్టాడు. నేను మటుకు ఆ పేరు నోటెంట రానివ్వలేదు. నువ్వెక్కడున్నావో చావుకి నేనే చూపించినట్టవుతుందని."

"మరి ఫట్టూమా పిన్ని కూతురికి?" షెల్బియా అడిగింది.

సాసియా గోడవైపు తిరిగి పడుకుంది. "పెట్టమని అడిగింది మీ నాన్నే."

ఊరంతా చాటుకున్న ప్రేమ ఇదా? తనను దాచడానికి ఆ పసిదాన్ని ముందు నిలబెట్టాడా? తండ్రిని తిట్టడానికి నోరు రాలేదు, తలుచుకోవడానికి మనసు రాలేదు. షెల్బియా చెప్పులు కూడా వేసుకోకుండా పొరుగింటికి వెళ్లింది.

ఫట్టూమా గుమ్మంలో కూర్చుని ఖర్జూరపు మట్టలు చీలుస్తోంది. షెల్బియా ఆమె కాళ్ల దగ్గర కూలబడి విన్నదంతా చెప్పేసింది. ముసలామె చేతులు ఆగలేదు.

"తెలుసే" అంది.

"తెలిసే పెట్టావా?"

"పెట్టేటప్పుడు తెలీదు. అంత పడవున్న మనిషి ఇంటికొచ్చి అడిగితే మురిసిపోయాను. గొర్రె చచ్చి, చెట్టు ఎండాక అర్థమయింది. పేరు మారుద్దాం అనుకునేలోపే నీళ్లు వచ్చేశాయి."

"మరి ఇన్నేళ్లూ రోజూ నన్నెలా పిలిచావు పిన్నీ?"

ఫట్టూమా కత్తి పక్కన పెట్టింది. "మొదట్లో, చావు ఈసారి నిన్ను పట్టుకుపోవాలనీ, నువ్వు పలక్కూడదనీ పిలిచేదాన్ని. పోనుపోను, పలక్కపోతే భయమేసేది. నువ్వు కూడా పోతే నా పిల్ల ఊరికే పోయినట్టేగా."

ఏడో రోజున పసిదానికి వేరే పేరు పెట్టారు. ఆ మర్నాడు షెల్బియా, ఫట్టూమా కేక కోసం ఆగలేదు. ఇంకా తెలతెలవారుతుండగానే వెళ్లి గోడ దగ్గర నిలబడి, "ఉన్నా పిన్నీ" అంది.