ఫోటోకు అవతల నిలబడ్డ మనిషి

మా ఆయన పోయాక ఇంట్లో వాళ్ళంతా మొదట వెతికింది ఆయన ఫోటో కోసం. పెద్దకర్మ నాడు పీట వేసి, దాని మీద ఫోటో నిలబెట్టి దండ వేయాలి. వచ్చిన బంధువులు దానికి దణ్ణం పెట్టుకుని భోజనానికి లేస్తారు. నా చిన్నప్పుడు ఇదంతా లేదు. ఇప్పుడు మా జఫర్‌గఢ్ చుట్టుపక్కల ఫోటో లేకుండా పెద్దకర్మ చేసిన ఇల్లు నేను చూడలేదు.

మా ఇంట్లో ఆయన ఫోటో లేదు. కొడుకుల పెళ్ళిళ్ళ ఆల్బములు ఉన్నాయి. వాటిలో మేనత్తలు, మేనమామలు, పిలవకుండా వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. ఆయన లేడు. ఫోటోగ్రాఫరు పిలిచినప్పుడల్లా వంటల పందిరిలో పొయ్యి ఆరిపోతోందని లేచి పోయేవాడు. ఒక్క ఫోటోలో మాత్రం అన్నం గంప మోస్తున్న వీపు కనిపిస్తుంది. అది ఆయన వీపేనని నాకు తెలుసు. కానీ వీపుకు దండ వేయలేం కదా.

ఆధార్ కార్డు మీద ముఖం ఉంది. ఆ రోజు మిరప కల్లంలో నుంచి లేచి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పోయి దిగాడు. కళ్ళు సగం మూతపడి, ఎవరో తిడుతుంటే వింటున్నట్టు ఉంటాడు.

మనసును కోసే సంగతి ఇంకొకటుంది. ఆయన తిరిగిన చోట్ల ఫోటోలు మా ఇంట్లో లెక్కలేనన్ని ఉన్నాయి. ఆయన దగ్గరుండగా తీసినవే. తీసింది మా మనుమరాలు, పెద్దకొడుకు బిడ్డ. జనగామలో డిగ్రీ చదువుతోంది. వాళ్ళ మేనమామ పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే పని మానేశాక ఆ పాత కెమెరా ఈ పిల్లకు వచ్చింది. పిల్ల మనుషుల ఫోటోలు తీయదు. గుట్టలు, పొలాలు, చెరువు కట్టలు, మబ్బులు. తెల్లవారకముందే లేచి చేలల్లోకి పోతానంటే ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా పంపను? తాతను తీసుకుని పోతేనే పో అన్నాను. అప్పటి నుంచి ఆయన మోపెడ్ మీద వెనక ఈ పిల్ల, పిల్ల వీపు మీద సంచి. బండిలో పెట్రోలు పోసి మబ్బులు చూడటానికి పోయే మనుషులను నేను వీళ్ళనే చూశాను.

చలికాలంలో జనగామ వైపు పోయేవాళ్ళు. అక్కడ గుట్టల మీద ఏనుగుల్లాంటి బండలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. కింద మంచు పట్టి పొలం కనిపించదు. పై బండకు మొదటి ఎండ తగిలేదాకా ఆగాలని ఈ పిల్ల చెప్పేదట. ఆయన గొంగడి కప్పుకుని పక్కన కూర్చునేవాడు. వచ్చాక నాకు చెప్పేవాడు.

"సూర్యుడేమన్న మన కూలోడా, రమ్మన్న యాళ్ళకు రానీకె? గంటసేపు బండను చూసుకుంట కూసున్నం. వొచ్చిండు. వొచ్చినంక ఒక్కటే టక్కుమన్నది, గంతే. ఇగ పోదాం పా తాతా అన్నది."

"గంటసేపు బండను చూసెటోనివి ఇంటికాడ దొడ్డి చూడొచ్చు గద."

"దొడ్డి నువ్వు చూస్తున్నవు గద" అని నవ్వేవాడు.

ఎండలు ముదిరేటప్పుడు తొర్రూరు దాటి మానుకోట దారిలో మిరప కల్లాలకు పోయేవాళ్ళు. ఎటు చూసినా ఎరుపే. నడిమధ్యాహ్నం తీస్తే రంగు చచ్చిపోతుందని పిల్ల సాయంత్రం దాకా ఆగేది. ఆయన ఘాటుకు తుమ్మీ తుమ్మీ కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. తుమ్ముకు పిల్ల నవ్వితే కెమెరా కదిలి ఒక ఫోటో పాడైందట. ఆ తప్పు ఆయన మీద వేసి, వారం పాటు ఇద్దరూ కొట్లాడుకున్నారు.

వానాకాలంలో ఒకసారి నేను కూడా పోయాను. భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గర మా పుట్టిల్లు. మా తమ్ముడి ఇంటికి పోయి ఉన్నాం. పొద్దుటి నుంచి వాన కొట్టి, సాయంత్రానికి వెలిసింది. అడవి మీద మబ్బు నల్లగా అట్లాగే ఉంది. మబ్బు కింద నుంచి ఎండ ఏటవాలుగా పడి, నాట్లేసిన పొలం ఒక్కటే వెలిగిపోతోంది. పిల్ల చెప్పులు విడిచి బురదలోకి ఉరికింది. ఆయన చెప్పులు ఒక చేత్తో, గొడుగు ఇంకో చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. నేను, మా తమ్ముడు రోడ్డు మీద ఉన్నాం. పిల్ల కేకలు మాకు వినబడుతున్నాయి.

"తాతా, జర జరుగు."

ఆయన ఎడమకు జరిగాడు.

"ఇంకా జరుగు. గొడుగు కనవడుతంది."

గొడుగు ముడిచాడు. మళ్ళీ జరిగాడు.

"ఇంకా, ఇంకా. నువ్వు పోవాలె తాతా, నీ నీడ కూడా పోవాలె."

"ఇంకా జరిగితే మా బామ్మర్ది పొలం దాటి ములుగుల పడ్త" అన్నాడు ఆయన. మా తమ్ముడు పకపకా నవ్వాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను పిల్లను అడిగాను. "మనిషి లేని ఫోటో ఏం జేసుకుంటవే?"

"మనిషుంటె చూపంత మనిషి మీదికే పోతది నాయినమ్మా. నేల ఎవ్వలు చూడరు."

"నేలనేంది చూసేది. మేమందరం దాంట్లెనే ఉన్నం."

ఆయన పచ్చడి కలుపుకున్నాడు. "అది చెప్పింది నిజమే. ఫోటోల చూస్తే నేను దున్నిన పొలమే నాకు కొత్తగ కనవడ్డది" అన్నాడు. పిల్లకు ఇక పట్టపగ్గాలు లేవు.

ఈసారి ఎండాకాలం మొదట్లో, కల్లం నుంచి వచ్చి నీళ్ళు తాగుతూ ఛాతీ పట్టుకున్నాడు. జనగామ దవాఖానకు చేరేలోపే పోయాడు.

పిల్ల ఏడవలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క ఫోటో తెరిచి చూడటం మొదలుపెట్టింది. మంచువి, ఎండవి, వానవి, మబ్బువి. అన్నిటి అంచులూ చూసింది. ఎక్కడైనా ఆయన చెయ్యో, గొంగడి కొసో, నేల మీద ఇంత నీడో పడి ఉంటుందని. తీసుకొచ్చిన అన్నం తీసుకొచ్చినట్టే ఉండేది. నేను పక్కన కూర్చుంటే ఒక్కొక్కటి చూపించేది.

"గిక్కడ బండెనక ఉన్నడు నాయినమ్మా. నేనే పొమ్మన్న. గిక్కడ నా ఎనకకు రమ్మన్న. గిక్కడ నీడ పడ్డది గానీ తర్వాత నేనే చెరిపిన. అన్నిట్ల నేనే జరుపుకుంట పోయిన."

"ఫోటో మంచిగ రావాలని జరిపినవు. నువ్వు జరగమన్నవని ఆయన ఏనాడన్న నాతోని కష్టమని అనలె. అన్నం తిను."

తినలేదు. కెమెరాను సంచిలో పెట్టి సజ్జ మీద, పాత పరుపుల వెనకకు తోసేసింది. ఇక దాన్ని ముట్టనంది. ఆయన పోవడం నా చేతుల్లో లేదు. ఈ పిల్ల ఇట్లా అయిపోవడం చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పెద్దకొడుకు తొర్రూరులో స్టూడియోకు పోయి, ఆధార్ ముఖాన్ని పెద్దది చేయించి, ముందుగా చూడమని సెల్‌ఫోన్‌లో పంపాడు. స్టూడియో వాళ్ళు రంగు తెల్లగా చేశారు. కళ్ళు తెరిపించారు. నల్ల కోటు తొడిగి, వెనక పూలతోట పెట్టారు. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, చూసి కళ్ళు తుడుచుకుంది.

"మా తమ్ముడు కలెక్టరు లెక్క ఉన్నడు. గిదే పెట్టుండ్రి."

నేను చూశాను. నాకు ఆ మనిషి తెలియదు. పిల్ల చూసి తల పక్కకు తిప్పుకుంది.

"నేను తొర్రూరు పోతున్న" అన్నాను.

"మొగడు పోయిన ఆడిది దినాలు కాకముందుకు గడప దాటుతదా? నీకేమన్న మతి తప్పిందా? ఊరు నవ్వుతది" అంది ఆడబిడ్డ.

"నవ్వనియ్యి వదినె. తెల్వని మనిషికి దండేసి ఏడిస్తే ఇంకా నవ్వుతది."

పిల్లను లేపి ముఖం కడుక్కోమన్నాను. ఇద్దరం ఆటో ఎక్కాం. పక్కన కూర్చున్నామె నా నుదురు, చేతులు చూసి ఇంకా కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

స్టూడియోలో పని చేసే అబ్బాయి మర్యాదగానే ఉన్నాడు. కోటు వద్దన్నాను. సరే తీసేస్తానన్నాడు. పూలతోట వద్దన్నాను. మరి వెనక ఏం పెట్టాలని అడిగాడు. పిల్ల దగ్గర ఫోన్‌లో ఘనపూర్ ఫోటో ఉంది. అది చూపించమన్నాను.

అబ్బాయి దాన్ని కంప్యూటరులోకి తీసుకుని కాసేపు చూస్తూ ఉండిపోయాడు. నల్లటి మబ్బు, దాని కింద వెలుగుతున్న నాట్లు, ఎడమ అంచు దాకా పోయిన తడి గట్టు.

"ఎవలు తీసిన్రు అవ్వా?"

"గీ పిల్లనే."

"మస్తున్నది చెల్లె. జర ఆగుండ్రి, తాతను గీ గట్టు మీద నిలబెడ్త."

ఎవరిదో తెల్లచొక్కా, పంచె ఉన్న ఒళ్ళు తెచ్చాడు. దాని మీద ఆధార్ ముఖం పెట్టాడు. మనిషిని తీసుకొచ్చి గట్టు నడిమి మీద నిలబెట్టాడు. పిల్ల కుర్చీ అంచుకు జరిగింది. ఆయన పోయిన తర్వాత దాని కళ్ళలో ప్రాణం చూసింది అప్పుడే. "అన్న, గిట్లనే అన్ని ఫోటోలల్ల పెట్టొస్తదా?" అని అడిగింది.

"ఎన్నిట్ల కావాలంటె అన్నిట్ల."

నేను పిల్ల ముఖమే చూస్తున్నాను. చూస్తూ చూస్తూ ఉండగానే దాని కళ్ళు మళ్ళీ ఆరిపోయాయి.

"ఎండ ఎడమదిక్కు నుంచి వొస్తంది" అంది మెల్లగా. "తాత మొఖం మీద ఎదురుంగ పడ్డది. తాతకు నీడ లేదు."

"నీడ కూడ ఏస్త చెల్లె."

"వొద్దు." అప్పుడు ఏడ్చింది. అన్ని రోజులూ ఏడవంది స్టూడియో కుర్చీలో కూర్చుని చున్నీలోకి ఏడ్చింది. అబ్బాయి ఏం చేయాలో తెలియక ఫ్యాను ఎక్కువ చేశాడు.

దాని ఏడుపు సన్నగిల్లేదాకా ఆగి, నేను లేచి కంప్యూటరు దగ్గరకు పోయాను.

"నాయినా, ఆ మనిషిని తీసెయ్యి. ఆయన అక్కడ నిలబడలె. నేను రోడ్డు మీదికెళ్ళి చూసిన. గీ గట్టు గిక్కడ ఆగదు, ఇంకా పోతది. ఆయన గీ అంచు దాటినంక, గింత దూరంల నిలబడ్డడు." తెర పక్కన గోడ మీద వేలు పెట్టి చూపించాను.

"గక్కడ ఫోటో లేదు గదవ్వా."

"లేదు. అందుకే ఆ జాగ వొదిలిపెట్టు. ఫోటో ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఎడమదిక్కు మనిషి పట్టేంత కాయితం తెల్లగనే ఉంచు. మొత్తానికి కలిపి అద్దం కట్టు."

"కాయితం ఉత్తగ పోతది. చూసినోళ్ళు ప్రింటు తప్పొచ్చింది అనుకుంటరు."

ఉత్తగా పోయే దేన్నీ నేను నా జన్మలో కొనలేదు. చిరిగిన చీరతో బొంతలు కుట్టాను, మాడిన అన్నాన్ని గంజిలో కలిపి తాగాను. "అనుకోనియ్యి. కాయితం తక్కువ జెయ్యకు" అన్నాను.

పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత అబ్బాయి పక్కకు పోయి, "ఇంకా కొంచెం ఎక్కువ ఉంచన్న" అంది. "నేను శానా దూరం జరిపిన."

పెద్దకర్మ నాడు ఆ అద్దాన్ని పీట మీద నిలబెట్టాం. కుడివైపు వాన వెలిసిన ఘనపూర్, ఎడమవైపు తెల్లటి కాగితం. వచ్చినవాళ్ళు దగ్గరికి వచ్చి, వంగి, వెనక్కి తిరిగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మనిషేడి?" అంది ఆడబిడ్డ అందరికీ వినబడేట్టు. "పొలానికి దినాలు చేస్తున్నమా?"

"ఉన్నడు వదినె. జర ఎడమకు చూడు."

ఆమె చూసింది. ఏమనుకుందో ఏమో, పోయి గోడకు ఆనుకుని కూర్చుంది.

కార్యం చేయించే అయ్యగారికి కూడా అర్థం కాలేదు. గంధం గిన్నె పట్టుకుని ఫోటో ముందు నిలబడిపోయాడు. "నొసలు లేకపాయె. బొట్టు ఏడ పెట్టాలె అమ్మా?"

పిల్ల జనం మధ్యలో నుంచి వచ్చి గిన్నె తీసుకుంది. వేలికి గంధం అద్దుకుని అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోటోలో గట్టు ఎక్కడ తెగిందో చూసి, అక్కడి నుంచి తెల్ల కాగితం మీదికి వేలు పోనిచ్చింది. గట్టు పోయినంత దూరం పోయి, పైకి లేపి, ఒకచోట ఆపింది. ఆపి నా వైపు చూసింది.

"ఇంకా కొంచెం కిందికి బిడ్డా" అన్నాను. "తాత జర వంగి నిలబడతడు."