గోవర్ధనన్న నింపిన ఫారం

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో, ఫారాలు నింపిపెట్టే నెట్ సెంటర్లు అంతకు రెండింతలు. అయినా మేమంతా గోవర్ధనన్న దగ్గరికే పోయేవాళ్లం. తొమ్మిదేళ్లుగా గ్రూప్స్ రాస్తున్నవాణ్ని, ఆయన చేత నేను నింపించుకున్న ఫారాలు దొంతి పెడితే మోకాలి దాకా వస్తాయి. ఒక్కటి కూడా తప్పుందని తిరిగి రాలేదు. నాకు ఉద్యోగం రాకపోవడం ఆయన తప్పు కాదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. పేరు, పుట్టిన తేదీ, కులం అడిగేవాడు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు అడిగేవాడు కాదు. క్రిమినల్ కేసులున్నాయా, ఎప్పుడైనా డిబార్ అయ్యారా, దీర్ఘరోగాలున్నాయా అని ఫారం అడుగుతూనే ఉండేది, ఆయన 'నో', 'నో' అని నొక్కుకుంటూ పోయేవాడు. ఎవడైనా నోరు తెరిస్తే, ఎస్ అంటే సర్టిఫికెట్ అడుగుతారు, ఎక్కడి నుంచి తెస్తావురా అని మూయించేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, రాగిణి. హిమాయత్‌నగర్‌లో ఏదో ఆఫీసులో పని. నాలుగు రోజులు సెలవు దొరికితే వీపున తనంత సంచి తగిలించుకుని ఒంటరిగా బయలుదేరేది. రెండేళ్ల కింద అండమాన్ పోయింది. అందరూ పోయే బీచికి కాదు. ఓడలో ఎనిమిది గంటలు, మళ్లీ చిన్న పడవలో ఇంకో గంట పోతే వచ్చే దీవి. వెదురు గుడిసెలో పడుకుందట. ఫోను కలవదు. ఆ నాలుగు రోజులూ వాళ్లమ్మ పద్మక్క సరిగ్గా అన్నం తినలేదు. ఆ పిల్ల మాత్రం ఎండకు మాడిపోయిన మొహంతో, తెల్లటి పళ్లు కనిపించేలా నవ్వుతూ దిగింది. పగడాల మీద మాస్కు పెట్టుకుని ఈదిందట. పైనుంచి చూస్తే ఏం లాభం, గేటు దగ్గర నిలబడి పెళ్లి చూసినట్టుంది, ఈసారి సిలిండర్ కట్టుకుని అడుక్కి దిగాలి అంది. ముషీరాబాద్‌లో ఈత కొలనుకు ఫీజు కూడా కట్టింది. వాన పడితే చిక్కడపల్లిలోనే మునుగుతాం, దానికి అంత దూరం ఎందుకని గోవర్ధనన్న ఆటపట్టించేవాడు. పిల్లంటే ప్రాణం ఆయనకు.

రాగిణికి చిన్నప్పుడు ఆయాసం. ఆయన మూడేళ్లు వరసగా మృగశిర కార్తె నాడు చేప మందు వేయించాడు. నీళ్ల కవర్లో కొర్రమీను పిల్లను పట్టుకుని గంటలకొద్దీ లైన్లో నిలబడి, బతికున్న ఆ చేపను బిడ్డ గొంతులో దింపించి, నలభై ఐదు రోజుల పథ్యం తానూ చేశాడు. మూడో ఏడుతో ఆయాసం పోయింది. వీధిలో ఎవరికి దగ్గొచ్చినా ఆ కథ చెప్పేవాడు. ఆ మందుతో తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారంటారు, నాకు తెలియదు. నాకు తెలిసింది ఈ ఒక్క ఇంటి సంగతే.

పోయిన జనవరిలో ఆ పిల్ల అదే అండమాన్‌లో నాలుగు రోజుల డైవింగ్ కోర్సులో చేరింది. బయలుదేరకముందే ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపి పంపమన్నారు. నాన్న ఉండగా వేరేవాళ్లు నింపుతారా? ఆ మధ్యాహ్నం నేను జిరాక్సు కోసం అక్కడే ఉన్నాను. పద్మక్క భోజనం తెచ్చింది. గోవర్ధనన్న కళ్లజోడు సవరించుకుని పైకి చదువుతూ మొదలుపెట్టాడు. గుండె జబ్బు, నో. చెవిలో చీము, నో. ఫిట్స్, నో. ఆస్తమా అన్న చోట ఆగి నవ్వాడు.

"బతికున్న చేపను మింగి అరిగించుకున్నది. దీనికింక ఆస్తమా ఏంది?"

'నో' మీద టిక్కు పెట్టేశాడు. రాగిణి తల్లి వైపు చూసింది. పద్మక్క క్యారియర్ గిన్నెలు సర్దుకోసాగింది. నేనది చూశాను. తల్లీకూతుళ్ల మధ్య ఏదో ఉంటుంది, మనకెందుకులే అనుకున్నాను. అందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

కోర్సు మూడో రోజున, నలభై అడుగుల లోతు నుంచి పైకి వస్తూ రాగిణి ఊపిరాడక గింజుకుందట. పడవలోకి ఎక్కించేసరికి నోట్లోంచి నెత్తురు. ఆ దీవిలో డాక్టరు లేడు. ఆసుపత్రి ఉన్న దీవికి పడవలో మూడు గంటలు. దారిలోనే పోయింది. ఊపిరితిత్తి చిట్లిందని పోస్టుమార్టంలో రాశారు. ఇరవై ఆరేళ్ల పిల్ల.

పదకొండో రోజు ముగిసిన తర్వాత ఫణికిరణ్ అనే కుర్రవాడు ఫోన్ చేశాడు. ఆమెను నీళ్లలోకి దించినవాడు అతనే. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డారట. ఏడుస్తున్నాడు. ఆయాసం ఉన్నవాళ్లు పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి బయటికి రాక ఊపిరితిత్తి ఉబ్బిపోతుందట, అమ్మాయికి ఎప్పుడైనా ఆయాసం ఉండేదాండీ అని అడిగాడు. గోవర్ధనన్న మాట పూర్తి కానివ్వలేదు.

"నా బిడ్డకు ఏ రోగం లేదు. నేను నింపిన ఫారం నీ కాడనే ఉన్నది. నువ్వు చంపినవ్."

అక్కడి నుంచి ఆయనకు అదే పని. పోలీసులకు, టూరిజం వాళ్లకు, పెద్దపెద్దవాళ్లకు అర్జీలు పెట్టాడు. ఇంగ్లీషు నాది. ప్రతి అర్జీకీ ఆ ఫారం జత చేసేవాడు, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి ఊరికే ఎలా చనిపోతుందని అడిగేవాడు. అర్జీలు రాయడం వచ్చినవాడు పంతం పడితే మామూలుగా ఉండదు. ఫణికిరణ్ మీద నిర్లక్ష్యం కేసు కట్టారు. పని పోయింది. వారానికోసారి స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టి వస్తున్నాడని విన్నప్పుడు గోవర్ధనన్న మొహంలో కనిపించింది సంతోషమే. నాకు భయమేసింది.

ఆగస్టులో కేసు కోర్టుకు పోబోతుండగా, తల్లి కూడా వాంగ్మూలం రాసిస్తే ఆ కుర్రవాడికి శిక్ష ఖాయమని వకీలు చెప్పాడు. పదేళ్ల వయసు తర్వాత మా అమ్మాయికి శ్వాస ఇబ్బంది ఎన్నడూ లేదు అని నేనే టైపు చేశాను. గోవర్ధనన్న దాన్ని తెలుగులో చదివి వినిపించి, పెన్ను ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. పద్మక్క పెన్ను అందుకోలేదు.

"నేను పెట్ట. దానికి ఆయాసం పోలే. ఇంటర్ల మళ్ల మొదలైంది. నారాయణగూడల డాక్టర్‌కు నేనే చూపిచ్చిన. పదేండ్లు ఇన్‌హేలర్ వాడింది. అది పోయినంక అండమాన్ నుంచి వచ్చిన సంచిల గూడ ఉండె. నువ్వు చూడకముందే తీసి దాచిన."

నాకెందుకు చెప్పలేదని గోవర్ధనన్న అడిగాడు.

"చేప మందుతోని తగ్గిందని వాడకంత చెప్పుకుంటివి. నాన్నకు బాధైతదని అదే నాతోని ఒట్టు పెట్టించుకున్నది. ఆ దినం ఫారం నింపేటప్పుడు అడిగితే చెప్పేదేమో. నువ్వు అడగలే. నేనన్న నోరు తెరవాల్సింది. తెరవలే."

ఆయన కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు, అరవలేదు. ఆ కాగితం తీసేసి కొత్తది టైపు చెయ్యమన్నాడు. నా కూతురికి ఆయాసం ఉంది, ఫారంలో లేదని రాసింది నేను, ఆ అబ్బాయి తప్పు లేదు. ఒక్కో మాట ఆగి ఆగి చెప్పాడు. నేను టైపు చేస్తుంటే కీబోర్డు కనిపించలేదు, కళ్లు తుడుచుకుంటూ కొట్టాను. సంతకం పెట్టి, పెన్ను కింద పెట్టాక భార్య వైపు తిరిగాడు.

"రెండర్రల ఇల్లు మనది. పదేండ్లు నాకెట్ల వినపడలే?"

పద్మక్క అప్పటిదాకా ఏడవలేదు.

"బాత్రూంలకు పోయి నల్లా ఇప్పుకునేది," అంది. "ఆ నీళ్ల సప్పుడుల పీల్చుకునేది, నీకు వినపడొద్దని."