కంటి వెనక పల్చటి పూత

బొమ్మలకు పేరుపడ్డ ఇవత్సుకి ఊళ్ళో కురిహారా గారి బొమ్మల పనిశాల. అక్కడ మార్చిలో ఆడపిల్లల పండగకు కొలువుతీర్చే రాజు, రాణి బొమ్మలకు కనుబొమలు దిద్దేది తోమియే. మైనస్ పదహారు సోడాబుడ్డి అద్దాలను నుదుటి మీదికి నెట్టి, బొమ్మ ముఖాన్ని నాలుగు వేళ్ళ దూరంలోకి తెచ్చుకుంటే ఆమెను మించిన పనిమంతురాలు లేదు. ముప్పై ఏళ్ళుగా ఇదే కుంచె, ఇదే పీట.

ఆ జనవరిలో రాణులు వెటకారంగా చూడటం మొదలుపెట్టారు.

"తోమియే అక్కా, ఈ రాణికి మొగుడంటే పడదా ఏంటి? ఆ కనుబొమ ఎగరేయడం చూడు," అంది బొమ్మలకు జుట్టు అతికించే నత్సుయో.

"రాజేం వెలగబెట్టాడో!"

"నిన్నటి ఆరుగురు రాణులకీ అదే అనుమానం మరి."

తోమియే నవ్వింది గానీ అసలు సంగతి ఆమెకు తెలుసు. కుడికంటికి తిన్నని గీత నడుమ కుంగినట్టు కనిపిస్తోంది. కుంగిన చోట చెయ్యి తనంతట తనే పైకి సర్దుతోంది. బయటపడితే కుంచె లాక్కుని పెట్టెలు కట్టే బల్లకు తోసేస్తారు. పనిశాలలో ఏటా జరిగే కంటి పరీక్షకు మాత్రం భయం లేదు. సున్నాకి ఎటుపక్క గండి ఉందో చెప్పాలి, అంతే. ఆ పట్టిక ఏనాడూ మారలేదు.

సంగతి పసిగట్టిన నత్సుయో శనివారం ఆమెను కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టర్ ఒగిసో గడ్డం ఆనించమని, పచ్చచుక్కను చూడమని, కంటి వెనక పొరల్ని నిలువునా కోసినట్టు ఫోటో తీశాడు. తోమియే అద్దాలు పైకి నెట్టి తెరకు ముక్కు ఆనించింది.

"పైన చూపు పొర. దాని కింద రక్తనాళాల పొర, అందరికీ మందంగా ఉంటుంది. మీకు వెతుక్కోవాలి. దాని వెనక తెల్లపొర గిన్నెలా వెనక్కి జారింది."

"ఎవరండీ ఈ పూత వేసింది? ఒక్క చేత్తో సరిపెట్టేశారు! మేం బొమ్మ ముఖానికి ఆల్చిప్పల సున్నం పదిహేను సార్లు పూస్తాం."

"కన్ను పొడుగు సాగిందమ్మా. సాగేకొద్దీ పొరలు పలచబడతాయి. ఇదిగో, ఇక్కడ పగిలి కొత్త నాళం మొలిచి కారుతోంది. గీత వంగేది అందుకే. కంట్లో ఇంజెక్షన్ వేస్తే ఆరొచ్చు. ఆలస్యం చేస్తే మచ్చ మిగులుతుంది."

"కంట్లోనా! మా బొమ్మలకు ఇన్ని గాజుకళ్ళు దూర్చాను, ఒక్కటీ కిక్కురుమనలేదు. సరే, వేయండి. కుంచె పట్టొచ్చా?"

"పట్టండి. కానీ నెలనెలా ఫోటోకి రావాలి, పనిరోజు పగటిపూట."

పనిరోజంటే ఓనరుకు చెప్పాల్సిందే.

ఇంజెక్షన్ పడింది, గీత కాస్త తేరుకుంది. ఫిబ్రవరిలో పనిశాలలో కంటి పరీక్ష. వంతు రాగానే తోమియే పట్టికకు వీపు తిప్పి నిలబడింది. "పైన, కుడి, కింద, కింద, ఎడమ..." చివరి వరుస దాకా గుక్క తిప్పుకోకుండా చదివేసింది.

"అదేంటి, చూడకుండానే?" అన్నాడు కురిహారా.

"చూసి ఎన్నేళ్ళయిందో ఓనరుగారూ! ఈ సున్నాలకు నా కంటి వెనక ఏం కారుతోందో తెలీదు. ఇదిగో ఫోటో. మా కళ్ళతో బొమ్మలు చేయించుకునేది మీరు, ఆ కళ్ళ బాగోగులూ మీవే. నాకు నెలకో పూట జీతంతో సెలవు, ఇక్కడి తొమ్మిదిమందికీ ఈ ఫోటో. నా కుంచె నాకే."

"కుదరదంటే?"

నత్సుయో జనవరిలో పక్కన పెట్టేసిన ఆ ఆరుగురు రాణుల్నీ తెచ్చి ఆయనకెదురుగా వరుసగా కూర్చోబెట్టింది. "కుదిరేదాకా వీళ్ళు మిమ్మల్ని ఇలాగే చూస్తుంటారు."

కురిహారా దగ్గాడు. ఒక రాణిని గోడవైపు తిప్పాడు. మిగతా ఐదుగురూ ఆయన్నే చూస్తున్నారు.

"సరే. మంగళవారం నుంచి. ఇద్దరిద్దరు వెళ్ళిరండి," అన్నాడు చివరికి. "ఆ కనుబొమలు మాత్రం దించు తల్లీ!"

తోమియే అద్దాలు నుదుటి మీదికి నెట్టి కుంచె అందుకుంది.