రాహేలుకు తోడు

ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమని నన్ను వేదిక ఎక్కించినప్పుడల్లా మాట మధ్యలో ఆగిపోతాను. దాహమనుకుని ఎవరో ఒకరు మంచినీళ్లు అందిస్తారు. తాగుతాను. మళ్లీ మాట్లాడతాను. నన్ను ఆపేది ఇన్నేళ్లుగా మోస్తున్న ఒక బరువు. ఇంట్లో చెప్పలేదు. నాతో పనిచేసే టీచర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

మాది బోధన్ పక్కన ఊరు. బాపుకు చెరుకు తోటలుండేవి. ఊళ్లో అందరూ ఆయన్ని పటేల్ అనేవాళ్లు. ఫ్యాక్టరీకి మా చెరుకు బండి తోలేవాడు యాకోబు. మెథడిస్టు చర్చి వెనక వాళ్ల ఇల్లు. మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని 'అరేయ్ యాకోబు' అనే పిలిచేవాళ్లు. నేనొక్కదాన్నే 'కాకా' అనేదాన్ని. ఆ ఒక్క పిలుపుకే నేను చాలా మంచిదాన్నని అనుకునేదాన్ని.

ఆయన కూతురు రాహేలు, నేను బోధన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. నా పాత లంగాఓణీలు తనే కట్టుకునేది. లెక్కల్లో, ఇంగ్లీషులో, ఆఖరికి నాకు ప్రాణమైన తెలుగులో కూడా తనే ముందు. నేనెప్పుడూ తన వెనకే. స్నేహం లేదా అంటే ఉంది, చాలా ఉంది. ఆ స్నేహంతో పాటే లోపల మరొకటి కూడా పెరుగుతోందని అప్పుడు నాకు తెలుసా? తెలుసనే అనుకుంటున్నాను. దానికి పేరు పెట్టలేదంతే.

ఇద్దరం మెట్రిక్ పాసయ్యాం. నిజామాబాద్ కాలేజీలో రాహేలుకు ఫీజు లేకుండా సీటు ఇచ్చేలా మా పెద్ద టీచరమ్మ తిరిగి తిరిగి ఒప్పించింది. పుస్తకాలు కూడా తనే ఇస్తానంది. ఇక మిగిలిన అడ్డంకి ఒక్కటే. పొద్దున రైలెక్కి నిజామాబాద్ పోయి, సాయంత్రం తిరిగి రావాలి. మా వైపు ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపరు. ఇద్దరుంటే పంపుతారు. తోడు కుదిరితే చదువు, కుదరకపోతే పెళ్లి. ఆ ఏడు మా ఊళ్లో పాసైన ఆడపిల్లలం మేమిద్దరమే.

బాపు నన్నడిగాడు. "పోతవా బిడ్డా? నీ ఇష్టం" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఏం ఆలోచించాలి? కాలేజీలో కూడా మొదటి రోజు నుంచే రాహేలు ముందు, నేను వెనక. కొత్త మాస్టర్ల ఎదుట, నేను విడిచిన ఓణీ కట్టుకున్న పిల్ల పక్కన రెండోదానిలా కూర్చోవాలి. నా ఆలోచనంతా ఇదే. ఇంతకంటే గొప్ప కారణమేదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతుక్కున్నాను. లేదు.

తొలకరి పడ్డ మర్నాడు యాకోబు కాక మా వాకిట్లోకి వచ్చాడు. బాపు ఇంట్లో లేడు. కాక అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, తలకు చుట్టిన రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పటేల్ ఏమన్నడు బిడ్డా? నువ్వు పోతే మా రాహేలు గుడ పోతది. ఒక్కదాన్ని ఎట్ల తోల్తం?"

"బాపు వద్దన్నడు కాకా."

ఆయన రుమాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

"పటేలే వద్దన్నంక ఇగ మాదేముంది. ఆలోచన లేకుంట అంటడా ఆయన? నువ్వు మనసుల పెట్టుకోకు బిడ్డా."

నన్ను ఓదార్చి వెళ్లిపోయాడు.

ఇక్కడ మీకొకటి విడమరిచి చెప్పాలి. లేకపోతే నా తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. బాపు ఆయనకు రోజూ కనిపించే మనిషే. ఒక్క మాట అడిగితే నా అబద్ధం అక్కడే బయటపడేది. కానీ బండి తోలే మనిషి పటేల్ ఎదుట నిలబడి, నీ బిడ్డను ఎందుకు పంపవని అడగడు. మా ఊళ్లో అది లేని పని. ఆయన అడగడని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. పటేలే వద్దన్నాడంటే కాలేజీ అసలు మంచి చోటే కాదని ఆయన నమ్ముతాడని, ఆ తరువాత ఎవరు చెప్పినా వినడని కూడా అనుకున్నానా? అంతదూరం ఆలోచించలేదని రాయబోయాను. చెయ్యి రాలేదు.

ఆ సాయంత్రం రాహేలు వచ్చింది. తన కోసం ఏడవలేదు. నన్ను పంపనన్నారని నా కోసం ఏడ్చింది. టీచరమ్మను తీసుకొచ్చి బాపుకు చెప్పిస్తానంది. వద్దన్నాను. బాపుకు కోపమొస్తే వచ్చే ఏడు కూడా నన్ను పంపడని ఇంకో అబద్ధం ఆడాను. అది నమ్మి, నాకు నష్టం జరుగుతుందేమోనని, టీచరమ్మను మా గడప తొక్కనివ్వలేదు ఆ పిచ్చిది. తన చదువు పోతుంటే నా చదువు కాపాడింది. బాపుతో మాత్రం నేను వచ్చే ఏడు పోతానన్నాను. ఆయన సరేనన్నాడు.

మరుసటి ఏడు ఒక వకీలు సాబు కూతురు తోడు దొరికింది. అప్పటికి రాహేలుకు మాక్లూర్ వైపు పెళ్లయిపోయింది. మొదటి రోజు నన్ను స్టేషన్‌లో దింపింది యాకోబు కాకే. "పటేల్ మనసు మారింది, ఎంత మంచిగాయె" అన్నాడు. రైలు కదిలేదాకా నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూడలేదు.

చదివాను. టీచరునయ్యాను. రాహేలు పొలాల్లో కూలికి, కైకిలి పోయింది. కైకిలి లేని రోజుల్లో బీడీలు చుట్టింది. పేదరికం ఆడపిల్లల చదువు ఆపేస్తోందని నేనే సభల్లో చెబుతుంటాను. రాహేలును ఆపింది పేదరికం కాదు. ఆ గండం టీచరమ్మ దాటించింది. ఆ తరువాత ఆపింది నేను.

పోయిన జూన్‌లో రాహేలు మా బడికి వచ్చింది, కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది. పిల్లను ముందుకు తోసి చెప్పింది.

"సూసినవా, ఈ టీచరమ్మను గుడ అప్పుడు వాళ్ల బాపు పంపనన్నడు. అయినా పట్టువట్టి సదువుకున్నది. నువ్వు గిట్ల గావాలె."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? పిల్ల పేరేమిటని అడిగాను.

బాపు ఇప్పుడు లేడు. చేయని తప్పు ఆయన మీదే ఉండిపోయింది. రాహేలుకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. తిడుతుందని కాదు నా భయం, వెంటనే క్షమించేస్తుందని. ఆ క్షమ తీసుకునే ముఖం నాకు లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగడం లేదు. మా బాపు వద్దనలేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. కాస్త ఊపిరాడుతోంది.