మూపురం పుండుకు కందిబేడల కొలత

ఐరాల దగ్గర మా ఊళ్లో మాకొక ఆవుంది. పోయినేడు వానాకాలంలో దాని మూపురం మీద పుండు లేచింది. ఈగలు మోసుకొచ్చే సన్న పురుగు చర్మంలో చేరితే లేచే పుండది. వేపనూనె, పసుపు అన్నీ అయ్యాయి. కాకులు పొడుస్తుంటే ఆవు గోడకు రుద్దుకునేది.

ఆవును అమ్మేద్దామని మా ఆయన పశువుల బేరగాడికి కబురు పెట్టాడు. నేను అడ్డం పడితే నెల గడువిచ్చాడు.

"నెలలో మానకపోతే తోలేస్తా. మళ్లీ ఏడ్సగాకు."

తిరుపతి నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మ పురుగుకు సూది వేసింది. తర్వాత ఆవు రక్తమే తీసి, మిషన్లో తిప్పి, పైన తేలే పసుపురంగు నీళ్లు పూస్తానంది. చర్మాన్ని పెరగమని పురమాయించే గ్రోత్ ఫ్యాక్టర్లు అందులో ఉంటాయట.

"అయితే ఈ పొద్దే పూయమ్మా, నాకు నెలే గడువుండాది!"

"పురుగుండంగా కండ పెంచితే దానికి మనమే మిద్దె కట్టించినట్టు అవ్వా. ముందు అది సావాల."

ప్రతి సోమవారం పుండు మీద పాల కవరు పరిచి, అంచు వెంబడి పెన్నుతో గీసేదాన్ని. ఆ గీతను కాగితం మీదికి దించి, లోపల కందిబేడలు పరిచి లెక్కపెట్టేదాన్ని. మొదట ఎనభై రెండు. సూది తర్వాత డెబ్బై ఆరు. పసుపు నీళ్లు పడ్డాక ఏకంగా నలభై ఒకటి!

"పుండుకు పప్పు పోసేదాన్ని నిన్నే సూస్తిని. తాలింపు ఎప్పుడే?" అన్నాడు మా ఆయన.

మరుసటి సోమవారం నాకంటే ముందే వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "పదిహేడే! పదిహేడేనే!" అని ఆయన అరిచిన అరుపుకు ఆవు కుడితి తొట్టి తన్నేసింది. ఇద్దరం తడిసిపోయి నవ్వాం.

గడువునాడు బేరగాడు తాడుతో దిగాడు. గీతలో ఇంకా మూడు బేడలున్నాయి. తప్పుడు లెక్క నా నోట రాదు.

"మూడుండాయి" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మానలేదు గదప్పా. మాట మాటే. తోలెయ్" అన్నాడు బేరగాడు.

మా ఆయన ఆవును చూశాడు. కాగితం చూశాడు. ఆ మూడు బేడలూ ఏరి నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

"యాడుండాది పుండు? నువ్వే లెక్కబెట్టుకో పో!"

నేను గుంజ పట్టుకుని, పొట్ట నొప్పెత్తేదాకా నవ్వాను. బేరగాడు తాడు చుట్టుకుంటూ గొణిగాడు.

"ఆవుకు గాదు, మీ ఇద్దరికీ ఎయ్యాల సూది."