చింతతోపులో పెట్టిన చుక్కలు

రెబెకా నోట మాట దాగదు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. వాళ్లింట్లో ఏ మేలు జరిగినా ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాల్సిందే. జ్వరం తగ్గినా సాక్ష్యమే, బస్సులో సీటు దొరికినా సాక్ష్యమే. పుంగనూరులో ఒకే బడిలో పనిచేస్తున్నాం, ఆమె బయాలజీ, నేను లెక్కలు. ఆమె వాగుడుకి నా తల వాచిపోయేది. అయినా అంత మంచి టీచరు ఈ చుట్టుపక్కల లేదు, ఒప్పుకోవాలి.

మా బడిలో ల్యాబ్ అంటే పగిలిన మైక్రోస్కోపు, కప్పను ఊరబెట్టిన ఒక సీసా. అంతే! అందుకే కుప్పంలో ఏదో శిక్షణకు పోయి, ఫోనుతో జీవజాలం పటం తయారుచేయడం నేర్చుకుని వచ్చింది. ప్రాణి కనిపించిన చోట ఫొటో తీస్తే పటంలో అక్కడే చుక్క పడుతుంది. దాన్ని ఎవరైనా చూడొచ్చు. పిల్లల్ని వెంటబెట్టుకుని సదుం దగ్గర చెంగమ్మ అనే రైతు చింతతోపుకు పోయింది. మసక చీకట్లో కొమ్మల మీద దేవాంగపిల్లులు కనిపించాయి. కోతి జాతివే, కానీ గుప్పెడంత ఒళ్లు, ముఖమంతా కళ్లు. ఒక తల్లి పొట్టను కరుచుకుని పిల్ల కూడా ఉంది.

చోటు బయటపెట్టొద్దని చెంగమ్మ బతిమాలింది. చేతబడికి పనికొస్తాయని వాటిని పట్టుకుపోయే వెధవలు ఉన్నారంది. చుక్కను కాస్త దూరంగా జరిపి పెట్టమని నేనూ చెప్పాను.

“దేవుడు చేసినదాన్ని యాల దాసిపెట్టాలక్కా? నలుగురికీ తెలిస్తేనే కదా కాపాడేది” అంది రెబెకా.

చెట్టుచెట్టుకీ చుక్క పెట్టింది. ఆదివారం సాక్ష్యంలోనూ చెప్పింది.

వానలు మొదలవకముందే ఆ వెధవలు వచ్చిపోయారు. చెంగమ్మ పొద్దున చూసేసరికి కొమ్మలు విరిగి పడున్నాయి. చుక్కలున్న చెట్లు తప్ప ఇంకో చెట్టును ముట్టలేదు. తల్లినీ మిగతావాటినీ పట్టుకుపోయారు, పిల్ల మాత్రం కొమ్మను పట్టుకుని మిగిలింది. దాన్ని కొంగులో చుట్టుకుని బడికి తెచ్చింది చెంగమ్మ. రెబెకా చేతుల్లో పెట్టింది. నాకైతే రెబెకా మీద కోపం ఆగలేదు.

ముగ్గురం ఆటోలో మదనపల్లె పశువుల ఆసుపత్రికి బయలుదేరాం. పిల్ల రెబెకా వేలు పట్టుకుని వదల్లేదు. దారిలో చెంగమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

“వంక గట్టున కానగమాను మీద ఇంకో జత ఉండాది. ఎవురికీ సెప్పొద్దు తల్లీ.”

రెబెకా ఏడుస్తూ తలూపింది. ఊరు చేరేలోపే పిల్ల పట్టు సడలిపోయింది. డాక్టరు చూసి పెదవి విరిచాడు.

కబురందుకుని వచ్చిన అటవీశాఖ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. తోపులో ఇంకా ఏమైనా మిగిలుంటే చోటు చెప్పమని, కాపలా పెట్టిస్తానని అడిగాడు. రెబెకా అతని ముఖంలోకి చూసింది.

“ఏమీ మిగల్లేదు సార్” అంది.

ఆమె అబద్ధం ఆడగా వినడం నాకదే మొదలు. అతను నిజంగానే కాపాడేవాడేమో. వంక గట్టు సంగతి నేనూ చెప్పలేదు.